ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌ను ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం ఎలా? గ్యాస్ నింపించే ముందు చేయాల్సిన పని

ఏప్రిల్‌లో ఏసీ సరిగా చల్లబరచడం లేదంటే మనం ముందు లోపలి యూనిట్ ఫిల్టర్ తీసి కడుగుతాం. దానివల్ల ఫలితం లేకపోతే మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. ఆయన వచ్చి "గ్యాస్ తగ్గింది సార్" అంటే సరేనని నింపించేస్తాం. సజ్జ మీదో డాబా మీదో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఔట్‌డోర్ యూనిట్ సంగతి ఇద్దరికీ గుర్తుండదు. నిజానికి గదిలోంచి లాగిన వేడంతా బయటికి పోయే దారి అదొక్కటే. ఆ దారి మూసుకుపోతే ఫిల్టర్ ఎంత తెల్లగా ఉన్నా, గ్యాస్ ఎంత నిండుగా ఉన్నా గది చల్లబడదు. కాబట్టి గ్యాస్‌కు డబ్బు పెట్టే ముందు ఔట్‌డోర్ యూనిట్ ఒకసారి కడిగి చూడండి. చేతికి అందే చోట ఉంటే ఇది మనమే చేసుకోగల పని.

లోపల ఏం జరుగుతుంది

గదిలో వేడిని పీల్చుకున్న గ్యాస్‌ను కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. దాంతో అది బాగా వేడెక్కి కండెన్సర్ కాయిల్‌లోకి వెళ్తుంది. యూనిట్ వెనక వైపున, ఒక పక్కన జాలీలా కనిపించేదే ఆ కాయిల్. రాగి లేదా అల్యూమినియం గొట్టాలు, వాటికి అడ్డంగా దగ్గరదగ్గరగా అమర్చిన వందల పల్చటి అల్యూమినియం రేకులు, ఇదే దాని నిర్మాణం. ఆ రేకులను ఫిన్స్ అంటారు. ఫ్యాన్ వెనక నుంచి, పక్క నుంచి గాలిని లాగి ఈ ఫిన్స్ మధ్యగా పోనిచ్చి ముందు వైపు నుంచి బయటికి నెడుతుంది. ఈ గాలి వెళ్లే దిక్కు గుర్తు పెట్టుకోండి, కడిగేటప్పుడు దీనితోనే పని.

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్న చోటి నుంచి తక్కువ వేడిగా ఉన్న చోటికే పోతుంది. అంటే కాయిల్ బయటి గాలి కన్నా వేడిగా ఉండి తీరాలి. ఏసీ ఎన్ని టన్నులని కొలిచేటప్పుడు బయట 35 డిగ్రీలు ఉన్నట్టు లెక్కవేసి కొలుస్తారు. మన దగ్గర రెంటచింతల, రామగుండం, విజయవాడ లాంటి చోట్ల మే మధ్యాహ్నం 44 డిగ్రీలు కొత్త కాదు. అప్పటికే కష్టపడుతున్న యంత్రానికి దుమ్ము పొర తోడైతే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కంప్రెసర్ ఎక్కువ కరెంటు తీసుకుని తక్కువ చల్లదనం ఇస్తుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. దీన్నే ట్రిప్ అవడం అంటాం.

దీనికొక ఆనవాలు ఉంది. రాత్రి, తెల్లవారుజామున ఏసీ బాగానే పనిచేసి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు మాత్రం చేతులెత్తేస్తుంటే ముందు అనుమానించాల్సింది ఔట్‌డోర్ యూనిట్‌నే. గ్యాస్ తగ్గినప్పుడు రాత్రి పూట కూడా చల్లదనం చాలదు, తరచుగా పైపు మీదో లోపలి కాయిల్ మీదో మంచు కడుతుంది. ఇంకో మాట. గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. లీకు వెతక్కుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం అంటే డబ్బు గాల్లోకి వదలడమే.

ఎవరు చేయకూడదు

యూనిట్ నేల మీదో, డాబా మీదో, గోడ ఉన్న బాల్కనీలోనో ఉండి, రెండు కాళ్లూ గట్టి నేల మీద ఆనించి నిలబడగలిగితేనే ఈ పనికి దిగండి. అపార్ట్‌మెంట్ బయటి గోడకు బ్రాకెట్ మీద వేలాడుతున్న యూనిట్‌ను కిటికీలోంచి వంగి, రెయిలింగ్ ఎక్కి కడగాలని చూడకండి. సజ్జ మీద దిగి నిలబడటం కూడా వద్దు. చాలా సజ్జలు మనిషి బరువుకు కట్టినవి కావు. అలాంటి చోటికి మెకానిక్‌నే పిలవండి. పిలిచినప్పుడు ఆయన బెల్టు, తాడు తెచ్చుకున్నాడో లేదో అడగండి. లేకపోతే ఆ రోజు పని వద్దని చెప్పండి. ఐదో అంతస్తులో ఒక చేత్తో కిటికీ పట్టుకుని ఇంకో చేత్తో స్క్రూలు విప్పే కుర్రాళ్లను చూసి చూసి మనకు అలవాటైపోయింది. అలవాటు కాకూడని విషయం అది.

వారంటీ ఇంకా ఉంటే పై మూత విప్పకుండా, బయటి నుంచి చేయగలిగినంత మటుకే చేయండి.

ఎప్పుడు, ఎన్నిసార్లు

చాలా ఇళ్లకు ఏడాదికి రెండుసార్లు చాలు. మొదటిది శివరాత్రికీ ఉగాదికీ మధ్య, ఎండలు ముదరకముందు. రెండోది వానలు తగ్గి ఏసీ వాడకం ఆగిపోయేటప్పుడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో మెకానిక్ దొరకడు, దొరికినా హడావుడిగా నాలుగు నీళ్లు చల్లి వెళ్తాడు.

ఊరును బట్టి ఈ లెక్క మారుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటే ఉప్పు గాలి ఫిన్స్‌ను, స్క్రూలను, బ్రాకెట్‌ను తినేస్తుంది. అక్కడ నెలకోసారి మామూలు మంచినీళ్లతో తడిపి వదిలినా చాలా మేలు. సబ్బు అక్కర్లేదు, ఉప్పు కరిగి పోతే చాలు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఊక, గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది నూగు, రామగుండంలో బొగ్గు దుమ్ము. ఇలాంటి చోట రెండు నెలలకోసారి కాయిల్ వెనక్కి వెళ్లి చూడండి. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నా, గ్రానైట్ కోస్తున్నా అంతే. సిమెంటు దుమ్ము వానకు తడిసి గట్టిపడిందంటే బ్రష్‌కు కూడా లొంగదు.

సరంజామా

స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తటి పెయింటింగ్ బ్రష్, పాత టూత్‌బ్రష్, మొక్కలకు నీళ్లు పెట్టే పైపు లేదా మందు కొట్టే చేతి స్ప్రేయర్, పాలిథీన్ కవర్, టేపు, గ్లౌజులు, మాస్కు, టెస్టర్. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే పని సగం తేలికవుతుంది. సబ్బుకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చెంచాలు అర బకెట్ నీళ్లలో కలిపితే సరిపోతుంది. ఏసీ కాయిల్స్ కోసమే అమ్మే క్లీనర్ దొరికితే దాని డబ్బా మీద రాసినట్టు వాడండి.

బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్, సోడా వద్దే వద్దు. అల్యూమినియం యాసిడ్‌కూ కరిగిపోతుంది, గాఢమైన క్షారానికీ కరిగిపోతుంది. ఫిన్స్ మీద నీలం రంగులోనో బంగారు రంగులోనో కనిపించే పూత తుప్పు నుంచి కాపాడటానికి వేసింది. యాసిడ్ తగిలితే ముందు పోయేది అదే.

నీళ్ల విషయం చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్‌లో చాలా కాలనీల బోరు నీళ్లు బాగా గట్టివి. గీజర్ రాడ్‌కు, కుళాయి జల్లెడకు తెల్లగా పట్టే పొరే కాయిల్‌కూ పడుతుంది. నల్లా నీళ్లు వచ్చే రోజు చూసుకుని పని పెట్టుకోండి. కుదరకపోతే కనీసం చివరిసారి కడగడానికైనా రెండు బకెట్ల నల్లా నీళ్లు పట్టి ఉంచుకోండి.

ముందుగా కరెంటు

ఈ ఒక్క చోట తొందరపడొద్దు. రిమోట్‌తో ఆపితే ఏసీ ఆగినట్టు కనిపిస్తుంది కానీ కరెంటు పోదు. ఇన్వర్టర్ ఏసీల్లో ఔట్‌డోర్ యూనిట్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డుకు కరెంటు అందుతూనే ఉండవచ్చు. రిమోట్‌తో ఆపాక ఏసీ ఎంసీబీ, అంటే కరెంటు బాక్సులో ఏసీకి ఉన్న స్విచ్, దించండి. స్టెబిలైజర్ ఉంటే దాని ప్లగ్గు కూడా పీకండి. ఎంసీబీ బాక్సు మీద "ఏసీ కడుగుతున్నాం, వేయొద్దు" అని ఒక కాగితం అంటించండి. పిల్లలో, అత్తగారో ఏసీ పనిచేయట్లేదని వచ్చి పొరపాటున స్విచ్ ఎత్తేస్తే ప్రమాదం. కొన్ని ఇళ్లలో ఔట్‌డోర్‌కు విడిగా లైను ఉంటుంది, అదీ ఆపాలి.

కరెంటు తీశాక కూడా పావుగంట ఆగండి. లోపల కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డుల్లో అది 300 వోల్టులు దాటి ఉండొచ్చు. ఎలక్ట్రికల్ భాగం మూత మాత్రం ఎంతసేపు ఆగినా విప్పకండి. ఈ పనికి దాని అవసరం లేదు.

ఆ పావుగంటలో ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో, టేపు ఎలా చుట్టి ఉందో తిరిగి బిగించేటప్పుడు పనికొస్తాయి.

దుమ్ము తీయడం

టార్చ్ వేసి వెనక, కింద చూడండి. కింది అంతస్తుల్లో, పల్లెల్లో యూనిట్ కింద చల్లగా ఉంటుందని పాములు, తేళ్లు చేరతాయి. కందిరీగల పట్టు ఉంటే దాని సంగతి తేలాకే మిగతా పని. పావురాల గూడులో గుడ్లో పిల్లలో ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి, గుడ్లయితే నెలన్నర పైనే పట్టొచ్చు. ఖాళీ గూడైతే తీసేయొచ్చు. పావురాల రెట్టను పొడిగా గీకకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి నానాక తీయండి. రెట్ట లోహాన్ని కూడా తింటుంది కాబట్టి ఆలస్యం మంచిది కాదు.

తర్వాత పొడి బ్రష్‌తో కాయిల్ వెనక, పక్కన రుద్దండి. ఫిన్స్ నిలువుగా ఉంటాయి, బ్రష్ కూడా పై నుంచి కిందికే కదలాలి. అడ్డంగా లాగితే ఫిన్స్ వంగిపోతాయి. ఎండుటాకులు, దూది, వెంట్రుకలు ఈ దశలోనే రావాలి. ముందే నీళ్లు పోస్తే అవన్నీ బురదై లోపలికి దిగబడతాయి. వాక్యూమ్ ఉంటే ఇప్పుడే వాడండి.

కడగడం

దుమ్ము చేరేది బయటి నుంచి. కాబట్టి నీళ్లు పోవాల్సింది లోపలి నుంచి బయటికి. బయట నుంచి గట్టిగా కొడితే పై మురికి పోయి కాయిల్ తెల్లగా కనిపిస్తుంది, లోపలి వరసలో మాత్రం ముద్ద కట్టి ఉండిపోతుంది. చాలా సర్వీసుల తర్వాత కూడా తేడా కనిపించకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

లోపలికి దారి రెండు రకాలు. తేలికైనది ముందు వైపు గ్రిల్. నాలుగైదు స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి పైపు పెట్టి వెనక కాయిల్ మీదికి నీళ్లు వదలొచ్చు. రెండోది పై మూత. అంచుల చుట్టూ ఉన్న స్క్రూలు తీసి మెల్లగా పైకి లేపాలి. లోపల చూస్తే ఒక రేకు అడ్డుగా ఉండి యూనిట్‌ను రెండు గదులు చేస్తుంది. ఫ్యాన్ ఉన్న గదిలో నీళ్లు పడొచ్చు. కంప్రెసర్, దాని పైన బోర్డు ఉన్న గది, ముందు నుంచి చూస్తే మామూలుగా కుడి వైపుది, తడవకూడదు. బోర్డు పెట్టె మీద పాలిథీన్ కవర్ కప్పి టేపు వేయండి. ఫ్యాన్ మోటారుకు కూడా ఒక చిన్న కవర్ తొడగండి. రెండు మూడేళ్లుగా కడగని యూనిట్ అయితే మూత తీయడమే మంచిది. ఏటా చూసుకునేదానికి గ్రిల్ దారి చాలు.

ముందు మామూలు నీళ్లతో తడపండి. సబ్బు నీళ్లు స్ప్రేయర్‌తో కాయిల్ రెండు వైపులా పట్టించి పది నిమిషాలు వదిలేయండి. ఎండ తగులుతుంటే సబ్బు ఎండిపోయి అంటుకుంటుంది, అందుకే ఉదయం పూట ఈ పని పెట్టుకోవాలి. తర్వాత పై నుంచి మొదలుపెట్టి కిందికి, లోపలి నుంచి బయటికి నీళ్లు వదలండి. మొదట వచ్చే నలుపు చూస్తే ఇన్నాళ్లూ యంత్రం ఎలా ఊపిరి తీసుకుందో అనిపిస్తుంది. కింద పడే నీళ్లు తేటగా, నురగ లేకుండా వచ్చేదాకా ఆపకండి. మిగిలిన సబ్బు మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.

మొక్కలకు పోసే పైపు జోరు చాలు. కారు కడిగే జెట్ పంపు మనం వాడొద్దు. ఫిన్ మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. జెట్ ఏటవాలుగా తగిలిందంటే జానెడు మేర ఫిన్స్ ఒకదాని మీద ఒకటి పడి గాలికి దారి మూసుకుపోతుంది. మెకానిక్ జెట్ పంపు తెస్తే దూరం నుంచి, తిన్నగా ఎదురుగా పట్టమని, పక్క నుంచి కొట్టొద్దని చెప్పండి.

ఇప్పటికే వంగిన ఫిన్స్ కొన్ని కనిపిస్తాయి. ఫిన్ కోంబ్ అని దువ్వెన లాంటి పనిముట్టు అమ్ముతారు. అది లేకపోతే పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక్కొక్కటిగా, ఓపిగ్గా నిలబెట్టండి. అక్కడక్కడా ఒకటో రెండో వంగితే వదిలేసినా నష్టం లేదు. కత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మాత్రం గొట్టానికి చిల్లు పడొచ్చు. అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది.

ఫ్యాన్ రెక్కలు తడి గుడ్డతో తుడిచి, పగుళ్లు ఉన్నాయేమో చూడండి. రెక్కను విప్పక్కర్లేదు. అడుగు రేకులో నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, వాటిలో ఆకులు ఇరుక్కుంటే పుల్లతో తీయండి. అడుగున నీళ్లు నిలిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఆరబెట్టి మొదలుపెట్టడం

కవర్లు తీసి రెండు మూడు గంటలు గాలికి వదిలేయండి. బోర్డు వైపు చెమ్మ చేరిందని అనుమానం ఉంటే ఆ రోజంతా ఆపండి, నష్టమేం లేదు. స్క్రూలు అన్నీ బిగించండి. ఒకటి మిగిలిపోయినా రేకు అదిరి రాత్రంతా చప్పుడు చేస్తుంది.

కరెంటు ఇచ్చి ఏసీ వేశాక కంప్రెసర్ వెంటనే మొదలవకపోతే టెన్షన్ పడొద్దు. దాదాపు మూడు నిమిషాలు ఆగి మొదలవడం దాని పద్ధతి. ఇరవై నిమిషాలయ్యాక ఔట్‌డోర్ ముందు చెయ్యి పెడితే బలమైన వేడి గాలి తగలాలి. ఇంట్లో థర్మామీటరు ఉంటే లోపలి యూనిట్‌లోకి వెళ్లే గాలికీ వచ్చే గాలికీ తేడా చూడండి. 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే మామూలుగా బాగున్నట్టే.

మిగతా ఏడాదంతా

కడగడం కన్నా ముఖ్యమైనది దానికి గాలి ఆడనివ్వడం. వెనక అడుగు దూరం, ముందు మూడు అడుగుల ఖాళీ ఉండాలి. కచ్చితమైన కొలత మీ మాన్యువల్‌లో చూసుకోండి. అందంగా కనపడాలని ముందు చెక్క తడకలు, అల్యూమినియం పట్టీలు బిగిస్తున్నారు. పట్టీల మధ్య సందు తక్కువైతే వదిలిన వేడి గాలినే యూనిట్ మళ్లీ పీల్చుకుంటుంది. ఇరుకు డక్టులో రెండు యూనిట్లు ఎదురెదురుగా పెట్టడం కూడా ఇదే తప్పు. యూటిలిటీ బాల్కనీలో దాని ముందే బట్టలు ఆరేయకండి.

డాబా మీద ఎండలో ఉన్న యూనిట్‌కు పైన రేకు నీడ వేస్తే మంచిదే, నాలుగు పక్కలా తెరిచి ఉండాలి. తడి గోనె సంచులు కప్పడం మాత్రం వద్దు. గాలి ఆగిపోతుంది. రోజూ బోరు నీళ్లు చల్లితే ఫిన్స్ మీద సున్నం పేరుకుంటుంది. చలికాలంలో మొత్తం ప్లాస్టిక్‌తో చుట్టేయడమూ అంతే. లోపల చెమ్మ నిలుస్తుంది, ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. పై భాగం ఒక్కటే కప్పండి.

పైపుల మీది నల్ల ఫోము ఎండకు పొడి పొడిగా రాలుతుంటే కొత్తది తొడిగించి టేపు చుట్టించండి. పెద్ద పైపు బట్టబయలైతే దారిలోనే చల్లదనం పోతుంది. బ్రాకెట్ బోల్టులు, కాళ్ల కింది రబ్బరు బుష్‌లు ఏడాదికోసారి చూడండి. తీరంలో బ్రాకెట్ తుప్పు పొరలు పొరలుగా ఊడుతుంటే వెంటనే మార్పించండి. ఆ బరువు కింద మనుషులు నడుస్తుంటారు.

మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి

శుభ్రంగా కడిగాక కూడా మధ్యాహ్నం ట్రిప్ అవుతున్నా, ఫ్యాన్ తిరగకుండా కంప్రెసర్ మూలుగుతున్నా, పైపు నట్ల దగ్గర నూనె మరక కనిపించినా పిలవండి. నూనె మరక అంటే చాలావరకు లీకే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి అక్కడ దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది.

గ్యాస్ నింపాలంటే మూడు విషయాలు అడగండి. లీకు ఎక్కడో చూపించమనండి. లీకు మూశాక నైట్రోజన్‌తో పరీక్షించి, వాక్యూమ్ పెట్టమనండి, అంటే పంపుతో పైపుల్లోని గాలి, చెమ్మ లాగేయమనండి. గ్యాస్‌ను కాటా మీద తూచి నింపమనండి. పాత యూనిట్లలో ఆర్22, తర్వాతి వాటిలో ఆర్410ఏ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్32 ఉంటుంది. ఒకదానిలో ఇంకొకటి కలపకూడదు. ఆర్32 కొంత మేర మండుతుంది, కొన్ని మోడళ్లలో ఉండే ఆర్290 అయితే వంట గ్యాస్‌లా మండుతుంది. లోపల గ్యాస్ ఉండగా మంటతో వెల్డింగ్ చేయనివ్వకండి. మీ యూనిట్‌లో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు పట్టాలో పక్కన ఉన్న ప్లేటు మీద అచ్చు వేసి ఉంటుంది. ఎండకు అది వెలిసిపోకముందే ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. మెకానిక్ రాగానే దాన్ని చూపించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టమనండి.